వీసాకు ఇంకా గడువుంది.. అయినా ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి! పాత ఓవర్‌స్టేతో వచ్చే చిక్కులేంటి? పూర్తి వివరాలివే

పాస్‌పోర్టులో పదేళ్ల అమెరికా వీసా ఉంది. అందులో ఇంకా ఆరేళ్లు మిగిలే ఉన్నాయి. మనవడి కోసం కొన్న బట్టలు, పచ్చళ్లు, పొడులు అన్నీ సూట్‌కేసుల్లో సర్దేశారు. ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి దిగారు. తీరా ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ‘ఈ వీసా చెల్లదు’ అనే మాట వినపడింది. కారణం.. గతంలో వచ్చినప్పుడు ఇచ్చిన గడువు కన్నా కొన్ని రోజులు ఎక్కువ ఉండటమే.

పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు, చదువు పూర్తయ్యాక ఉండిపోయిన విద్యార్థులు, ఉద్యోగం పోయాక కొన్నాళ్లు ఆగిన టెకీలు.. ఈ చిక్కు ఎవరికైనా రావచ్చు. తాము ఓవర్‌స్టే చేశామన్న సంగతే తెలియనివారూ ఉంటారు. 2025 మేలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ కూడా సోషల్ మీడియాలో దీనిపై హెచ్చరించింది. అనుమతించిన గడువు దాటి ఉంటే డిపోర్ట్ చేయొచ్చని, శాశ్వత నిషేధం కూడా పడొచ్చని చెప్పింది. అసలు ఓవర్‌స్టే అంటే ఏంటి? ఎన్ని రోజులకు ఎంత శిక్ష? ఎయిర్‌పోర్టులో ఆపేస్తే ఏం చేయాలి? వివరంగా చూద్దాం.

వీసా వేరు.. ఉండే గడువు వేరు

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. వీసా స్టిక్కర్ మీద ఉండే తేదీ ‘ఈ తేదీ వరకు అమెరికాలో ఉండొచ్చు’ అని చెప్పదు. ‘ఈ తేదీ లోపు అమెరికా గడప దాకా వచ్చి, లోపలికి రానివ్వమని అడగొచ్చు’ అని మాత్రమే దాని అర్థం. రానివ్వాలా వద్దా, రానిస్తే ఎన్నాళ్లు ఉండనివ్వాలి అనేది తేల్చేది ఎయిర్‌పోర్టులో ఉండే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ అధికారి. దీన్నే షార్ట్‌గా సీబీపీ అంటారు.

లోపలికి అనుమతించాక ఐ-94 అనే రికార్డు తయారవుతుంది. ఎప్పటివరకు ఉండొచ్చో ఆ తేదీ అందులో ఉంటుంది. విజిటర్ వీసా బీ-2పై వెళ్లినవారికి సాధారణంగా 6 నెలలు ఇస్తారు. ఇప్పుడు ఈ ఐ-94 కాగితం రూపంలో చేతికి రాదు. సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబర్ కొట్టి మనమే చూసుకోవాలి. ఆ తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా అది ఓవర్‌స్టేనే. వీసాపై ఇంకా ఎనిమిదేళ్లు మిగిలి ఉన్నా లెక్కలోకి రాదు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే, ఐ-94 తేదీని కూడా ఆ మేరకు తగ్గించి ఇవ్వొచ్చు. ముఖ్యంగా హెచ్-1బీ వాళ్లకు ఇది ఎదురవుతుంటుంది. కంపెనీ ఇచ్చిన అప్రూవల్ నోటీసులో మూడేళ్లు ఉందని ధీమాగా ఉంటారు. ఐ-94లో మాత్రం ఏడాదే ఉంటుంది. తర్వాత పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకున్నా ఐ-94 దానంతట అది పెరగదు. అందుకే దేశంలో అడుగుపెట్టిన ప్రతిసారీ, అదే వారంలో ఐ-94 చెక్ చేసుకోవాలి.

ఒక్క రోజు ఎక్కువైనా పాత వీసా ఖతం

అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 222(జీ) అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం ఐ-94 తేదీ దాటి ఉంటే, ఏ వీసాపై వచ్చారో ఆ వీసా ఆటోమేటిక్‌గా రద్దయిపోతుంది. దీనికి ఎవరూ నోటీసు పంపరు. పాస్‌పోర్టులోని స్టిక్కర్‌పై ‘క్యాన్సిల్డ్’ అని ముద్ర కూడా పడదు. చూడటానికి వీసా నిక్షేపంగా ఉంటుంది, కానీ చట్టం దృష్టిలో చెల్లదు.

ఉదాహరణకు, ఐ-94 జూన్ 10 వరకు ఉంది. కూతురి డెలివరీ ఆలస్యమైందని తల్లి జూన్ 25 వరకు ఉండి ఇండియా వచ్చేశారు. అదనంగా ఉన్నది 15 రోజులే. దీనికి మూడేళ్ల నిషేధమో, పదేళ్ల నిషేధమో ఉండదు. కానీ ఆమె పదేళ్ల వీసా మాత్రం ఆ రోజుతోనే పోయింది. ఆ సంగతి తెలియక రెండేళ్ల తర్వాత అదే వీసాతో వెళ్తే.. సరైన వీసా లేకుండా వచ్చిన వ్యక్తిగానే చూస్తారు. 15 రోజులతో పోవాల్సిన సమస్య ఇక్కడే పెద్దదవుతుంది.

ఇలాంటివారు మళ్లీ వెళ్లాలంటే కొత్త వీసాకు అప్లై చేసుకోవాలి. అది కూడా మామూలుగా సొంత దేశంలోనే. అంటే హైదరాబాద్, చెన్నై లాంటి చోట్ల ఉన్న కాన్సులేట్లకే వెళ్లాలి తప్ప, దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో పని కానివ్వడం కుదరదు.

180 రోజులు.. ఏడాది.. ఎంతకు ఎంత నిషేధం?

అమెరికాలో ఈ నిషేధాలు 1996 నాటి చట్టంతో వచ్చాయి. అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన ఈ చట్టం ప్రకారం, 1997 ఏప్రిల్ 1 నుంచి అక్రమంగా ఉన్న రోజులను లెక్కిస్తున్నారు. స్థూలంగా లెక్క ఇలా ఉంటుంది.

* 1 రోజు నుంచి 180 రోజుల వరకు: ఏళ్ల లెక్కన నిషేధం లేదు. కానీ పాత వీసా రద్దవుతుంది. కొత్త వీసా ఇంటర్వ్యూలో కారణం చెప్పుకోవాలి.
* 180 రోజులు దాటి ఏడాది లోపు ఉండి, కేసు మొదలుకాకముందే స్వచ్ఛందంగా వెళ్లిపోతే: 3 ఏళ్లు రావడానికి వీల్లేదు.
* ఏడాది, అంతకన్నా ఎక్కువ ఉంటే: 10 ఏళ్లు రావడానికి వీల్లేదు.
* మొత్తం కలిపి ఏడాదికి మించి అక్రమంగా ఉండి, బయటకు వెళ్లాక దొంగదారిలో సరిహద్దు దాటినా, దాటేందుకు ప్రయత్నించినా: శాశ్వత నిషేధం. కనీసం పదేళ్లు దేశం బయట గడిపిన తర్వాతే మళ్లీ అనుమతి కోసం అడిగే వీలుంటుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మూడేళ్లు, పదేళ్ల నిషేధం మొదలయ్యేది అమెరికా వదిలి బయటకు వెళ్లిన రోజు నుంచి. అక్కడే ఉన్నంతకాలం ఇది అమల్లోకి రాదు. అందుకే చాలామంది ఇంట్లో శుభకార్యం వచ్చినా, తల్లిదండ్రులు పోయినా ఇండియా రాలేక అక్కడే ఉండిపోతారు. వస్తే మళ్లీ పదేళ్ల దాకా వెళ్లలేమన్న భయమే దీనికి కారణం. ఇక 18 ఏళ్లు నిండని పిల్లలకు ఈ రోజుల లెక్క వర్తించదు.

‘వచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు కదా!’

ఓవర్‌స్టే చేసి తిరిగొచ్చిన వాళ్లలో ఎక్కువ మంది అనే మాట ఇదే. నిజమే. మన శంషాబాద్‌లో విదేశాలకు వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్ దాటాలి, పాస్‌పోర్టులో స్టాంప్ పడాలి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో దేశం వదిలి వెళ్లేవారికి అలాంటి కౌంటర్ ఉండదు. సెక్యూరిటీ చెక్ దాటి నేరుగా విమానం ఎక్కేయొచ్చు. దాంతో ‘ఏం కాలేదులే’ అనుకుంటారు.

కానీ రికార్డు మాత్రం పక్కాగా ఉంటుంది. విమానయాన సంస్థలు ప్రయాణికుల జాబితాను అమెరికా అధికారులకు పంపాల్సిందే. ఆ జాబితా ఐ-94తో సరిపోల్చుతారు. ఎవరు ఏ రోజు వెళ్లారు, ఎన్ని రోజులు ఎక్కువ ఉన్నారు అనేది సిస్టమ్‌లో పడిపోతుంది. దీనికి తోడు 2025 డిసెంబర్ 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, దేశం వదిలి వెళ్లే విదేశీయులందరి ఫొటోలు తీసి ఫేస్ రికగ్నిషన్‌తో సరిచూసే అధికారం సీబీపీకి వచ్చింది. కాబట్టి వెళ్లేటప్పుడు అడగకపోతే రికార్డు లేదని కాదు.

దీనికి ఉల్టా కేసులు కూడా ఉంటాయి. టైమ్‌కే బయటకు వచ్చినా, రోడ్డు మార్గంలో కెనడా వెళ్లడం లాంటి సందర్భాల్లో ఎగ్జిట్ సరిగా నమోదు కాకపోవచ్చు. అప్పుడు ఓవర్‌స్టే చేయకున్నా చేసినట్టు కనిపిస్తుంది. అందుకే బోర్డింగ్ పాస్‌లు, ఇండియాలో పడిన ఎంట్రీ స్టాంపులు దాచుకోవాలి. ఐ-94 వెబ్‌సైట్‌లోనే పాత ప్రయాణాల హిస్టరీ కూడా చూసుకోవచ్చు.

స్టూడెంట్స్, టెకీల సంగతేంటి?

ఎఫ్-1 వీసాపై వెళ్లే విద్యార్థుల ఐ-94లో తేదీ ఉండదు. దాని బదులు ‘డీ/ఎస్’ అని ఉంటుంది. అంటే చదువు రూల్స్ ప్రకారం నడిచినంతకాలం ఉండొచ్చని అర్థం. కోర్సు పూర్తయ్యాక 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఇస్తారు.

తేదీ లేదు కాబట్టి, విద్యార్థి కాలేజీ మానేసినా 3, 10 ఏళ్ల నిషేధానికి సంబంధించిన రోజుల లెక్క వెంటనే మొదలుకాదు. ఇమిగ్రేషన్ శాఖ ఏదైనా అప్లికేషన్ పరిశీలిస్తూ ‘నువ్వు స్టేటస్ కోల్పోయావు’ అని తేల్చినప్పుడో, ఇమిగ్రేషన్ జడ్జి ఆర్డర్ ఇచ్చినప్పుడో మొదలవుతుంది. 2018లో ఈ పద్ధతిని మార్చాలని చూసినా, 2020 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు అడ్డుకుంది. ఆ తర్వాత 2025 ఆగస్టులో డీ/ఎస్‌ను తీసేసి, గరిష్ఠంగా నాలుగేళ్లకు తేదీ వేసి ఇవ్వాలని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రతిపాదించింది. తేదీ పడిందంటే విద్యార్థులకు కూడా విజిటర్ల లెక్కే.

అలాగని ఇప్పుడు భయం లేదనుకోవద్దు. రోజుల లెక్క మొదలుకాకపోయినా, స్టేటస్ పోయిన విద్యార్థిని తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులోనే ఆపొచ్చు, కొత్త వీసా నిరాకరించొచ్చు.

హెచ్-1బీ ఉద్యోగులకు జాబ్ పోతే గరిష్ఠంగా 60 రోజులు టైమ్ ఉంటుంది. అయితే ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే, ఆ తేదీ వరకే ఉండాలి.

ఎయిర్‌పోర్టులో ఆపేస్తే ఏం జరుగుతుంది?

మొదటి కౌంటర్‌లో వేలిముద్రలు, ఫొటో తీసుకోగానే పాత రికార్డు స్క్రీన్‌పై కనిపిస్తుంది. తేడా ఉంటే పక్కనున్న గదికి పంపుతారు. దీన్ని సెకండరీ ఇన్‌స్పెక్షన్ అంటారు. అక్కడ పాత ప్రయాణాల గురించి ప్రశ్నిస్తారు. ఫోన్, ల్యాప్‌టాప్ కూడా తనిఖీ చేసే అధికారం వారికి ఉంది. లోపలికి అనుమతి కోరే దశలో ఉన్న ప్రయాణికుడికి పక్కన లాయర్‌ను పెట్టుకునే హక్కు ఉండదు. కానీ ఇంగ్లిష్ రాకపోతే అనువాదకుడిని అడగొచ్చు. అర్థం కాని ప్రశ్నకు తలూపడం కంటే ‘తెలుగులో చెప్పించండి’ అనడమే మంచిది. చెప్పినదంతా ప్రమాణ పూర్వక వాంగ్మూలంగా రాసి, సంతకం తీసుకుంటారు. చదివి వినిపించాక, తప్పుంటే సరిచేయించిన తర్వాతే సంతకం పెట్టాలి.

లోపలికి రానివ్వకూడదని తేల్చాక ఎక్కువగా రెండు దారులు ఉంటాయి. చూడటానికి రెండూ ఒకటే.. తిరుగు విమానం. కానీ తేడా ఏళ్లలో ఉంటుంది.

* ఎంట్రీ దరఖాస్తును వెనక్కి తీసుకోవడం: ‘నేను లోపలికి రావాలన్న విజ్ఞప్తిని ఉపసంహరించుకుంటున్నా, వెనక్కి వెళ్లిపోతా’ అని చెప్పడం. దీనికి ఐ-275 అనే ఫారం ఉంటుంది. వీసా రద్దవుతుంది కానీ, దీనివల్ల ఐదేళ్ల నిషేధం పడదు. ఇది మన హక్కు కాదు, అధికారి ఒప్పుకుంటేనే కుదురుతుంది. కానీ అడగొచ్చు.
* ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్: జడ్జి ముందుకు వెళ్లకుండానే అధికారులే ఇచ్చే తొలగింపు ఆర్డర్. దీనికి ఐ-860 ఫారం ఇస్తారు. ఐదేళ్లు అమెరికా రావడానికి వీల్లేదు. రెండోసారి ఇలాంటి ఆర్డర్ పడితే 20 ఏళ్లు. ఆ గడువు లోపే రావాలనుకుంటే ఐ-212 ద్వారా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

అందుకే ఏ కాగితంపై సంతకం పెడుతున్నారో తెలుసుకోవడం ముఖ్యం. ఆ కాపీలు జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకోవాలి. ఇంటికొచ్చాక ‘ఏదో రాయించుకున్నారు’ అంటే, ఏ లాయరూ సలహా ఇవ్వలేరు. 2023 ఆగస్టులో అమెరికా ఎయిర్‌పోర్టుల నుంచి పలువురు భారతీయ విద్యార్థులను వెనక్కి పంపినప్పుడు, వారిలో తెలుగు రాష్ట్రాల వారే ఎక్కువ అని వార్తలొచ్చాయి. అది ఓవర్‌స్టే వ్యవహారం కాదు కానీ, అప్పుడూ అందరూ అడిగిన ప్రశ్న ఇదే.. ‘ఐదేళ్ల బ్యాన్ పడిందా, లేదా?’

తిరిగి పంపే బాధ్యత తీసుకొచ్చిన విమానయాన సంస్థదే. తర్వాతి ఫ్లైట్ వచ్చేదాకా ఎయిర్‌పోర్టులోనే, కొన్నిసార్లు రాత్రంతా ఉంచొచ్చు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు వాటిని హ్యాండ్ బ్యాగేజీలోనే పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే. అదుపులోకి తీసుకున్నవారు భారత కాన్సులేట్‌కు సమాచారం ఇవ్వమని కోరొచ్చు. 1963 నాటి వియన్నా ఒప్పందం ఈ హక్కు ఇస్తోంది.

అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు ఇదంతా ముందే జరుగుతుంది. 2014 నుంచి అక్కడి ఎయిర్‌పోర్టులోనే అమెరికా ప్రీ-క్లియరెన్స్ కేంద్రం పనిచేస్తోంది. రికార్డులో తేడా ఉంటే అమెరికా విమానం ఎక్కకుండా అక్కడి నుంచే వెనక్కి రావాలి.

మళ్లీ వెళ్లే దారి లేదా?

ఉంది. కానీ దారి కాన్సులేట్ నుంచి మొదలుకావాలి, ఎయిర్‌పోర్టు నుంచి కాదు.

కొత్త వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో రెండు ప్రశ్నలు సూటిగా ఉంటాయి. గతంలో గడువు దాటి ఉన్నారా? గతంలో వీసా నిరాకరించడం, ఎంట్రీ ఇవ్వకపోవడం, ఎంట్రీ దరఖాస్తు వెనక్కి తీసుకోవడం జరిగిందా? రెండింటికీ నిజమే చెప్పాలి. ‘నో అని పెట్టేయండి, ఎవరు చూస్తారు’ అని చెప్పే ఏజెంట్ల మాట వింటే అంతే సంగతులు. 15 రోజుల ఓవర్‌స్టేకు ఏళ్ల నిషేధమేమీ లేదు. అదే ఓవర్‌స్టేను కావాలని దాచి వీసా తీసుకునే ప్రయత్నం చేస్తే జీవితకాల నిషేధం పడొచ్చు. చిన్న తప్పును పెద్ద శిక్షగా మార్చేది ఆ అబద్ధమే.

ఓవర్‌స్టేకు నిజమైన కారణం ఉంటే ఆధారాలు చూపించాలి. ఆస్పత్రిలో చేరితే డిశ్చార్జ్ పేపర్లు, ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఎయిర్‌లైన్ మెయిల్, గడువు పెంచమని ఐ-539 వేసి ఉంటే దాని రసీదు. గడువులోపే ఐ-539 వేసి, అది మంజూరైతే అసలు ఓవర్‌స్టే చేసినట్టే కాదు.

నిషేధం ఉన్న సమయంలోనే విజిటర్‌గా వెళ్లాల్సి వస్తే, తాత్కాలిక మినహాయింపు కోరే వీలుంది. కాన్సులేట్ అధికారి సిఫారసు చేస్తే సీబీపీ నిర్ణయం తీసుకుంటుంది. తప్పు ఎంత పెద్దది, వెళ్లాల్సిన అవసరం ఏంటి అనేవి చూస్తారు.

గ్రీన్‌కార్డుకు వచ్చేసరికి పరిస్థితి కఠినం. 3, 10 ఏళ్ల నిషేధం మాఫీ కావాలంటే, అమెరికా పౌరులో గ్రీన్‌కార్డు హోల్డరో అయిన జీవిత భాగస్వామికి లేదా తల్లిదండ్రులకు తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపించాలి. కొడుకు, కూతురి కష్టం ఈ లెక్కలోకి రాదు. అంటే సిటిజన్ అయిన కొడుకు స్పాన్సర్ చేసినా, పాత ఓవర్‌స్టే వల్ల పదేళ్ల నిషేధం ఉన్న తల్లికి ఆ కొడుకును చూపించి మాఫీ అడగడం కుదరదు. ‘మావాడు సిటిజనే కదా, వాడు చూసుకుంటాడు’ అనుకుని గడువు దాటి ఉండిపోయే తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన పాయింట్ ఇది.

గల్ఫ్, బ్రిటన్, యూరప్‌లో ఎలా?

గల్ఫ్: యూఏఈలో గడువు దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా. అప్పుడప్పుడూ ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటిస్తుంటాయి. యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు అమలు చేసిన పథకంలో జరిమానా లేకుండా, మళ్లీ రాకుండా నిషేధం పడకుండా వెళ్లే అవకాశం ఇచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి ‘ఖల్లివెల్లి’ అయినవాళ్లకు ఇలాంటి పథకమే అసలైన దారి. అది వదిలేసి పట్టుబడి డిపోర్ట్ అయితే, వేలిముద్రలు సిస్టమ్‌లో ఉండిపోతాయి. కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా లాభం ఉండదు. కువైట్ నుంచి డిపోర్ట్ అయినవారికి, తిరిగి అక్కడికి వెళ్లేందుకు వీలుగా వేలిముద్రలు మార్చే సర్జరీలు చేస్తున్న ముఠాను 2022లో రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. ఒక్కొక్కరి దగ్గర 25 వేల రూపాయలు తీసుకున్నట్టు పోలీసులు చెప్పారు.

బ్రిటన్: ఓవర్‌స్టే 30 రోజుల లోపే ఉండి, సొంత ఖర్చుతో వెళ్లిపోతే మళ్లీ రాకుండా నిషేధం ఉండదు. 30 రోజులు దాటి, సొంత ఖర్చుతో వెళ్తే 12 నెలలు. ప్రభుత్వ ఖర్చుతో వెళ్తే పరిస్థితిని బట్టి 2 నుంచి 5 ఏళ్లు. బలవంతంగా పంపిస్తే, లేదా దరఖాస్తులో మోసం చేస్తే 10 ఏళ్లు.

యూరప్: షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. గతంలో పాస్‌పోర్టు స్టాంపులు చూసి లెక్కపెట్టేవారు. 2025 అక్టోబర్ 12న మొదలైన ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్‌తో వేలిముద్రలు, ఫొటో ఆధారంగా కంప్యూటరే రోజులు లెక్కిస్తోంది. ఎంట్రీ నిరాకరిస్తే కారణం రాసిన ఫారం చేతికి ఇవ్వాలి. దానిపై అప్పీల్ చేసుకునే హక్కు కూడా ఉంటుంది.

టికెట్ బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

* పాత ఐ-94 తేదీలు, ఇండియాకు తిరిగొచ్చిన తేదీలు పక్కపక్కన రాసుకుని సరిచూసుకోండి. ఒక్క రోజు తేడా ఉన్నా పాత వీసాతో బయలుదేరొద్దు.
* తేడా ఉంటే ముందు కొత్త వీసాకు అప్లై చేయండి. తర్వాతే టికెట్.
* 180 రోజులు దాటిన కేసైతే ఏజెంట్ దగ్గరకు కాదు, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరకు వెళ్లండి.
* పాత పాస్‌పోర్టులు, బోర్డింగ్ పాస్‌లు పారేయొద్దు.
* ప్రస్తుతం అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల ఐ-94 తేదీని పిల్లలు ఈరోజే చూడండి. ఇంకా ఉండాల్సిన అవసరం వస్తే ఆ తేదీకి చాలా ముందే ఐ-539 వేయండి. కుదరకపోతే టికెట్ ముందుకు జరపండి. టికెట్ మార్చుకునే ఖర్చుకు భయపడి రెండు వారాలు ఆగితే పదేళ్ల వీసా పోతుంది.
* ఎక్కడైనా, ఏ అధికారి అడిగినా పాత ఓవర్‌స్టే గురించి ఉన్నది ఉన్నట్టే చెప్పండి.